వకీలుగా మాడపాటి హనుమంతరావు పంతులుగారు

ఉగాదినాడు పంచాంగశ్రవణము ముగిసి, వేపపూవు పచ్చడి పంచుకొని, నలుగురు ఒకచోట కూర్చున్నప్పుడు మన సంఘములో సాగు మాటలెట్టివో పాఠకులందరు ఎరుగుదురు. మొదట పిల్లల చదువులు; పిమ్మట వానలు, కందుల ధర; ఆ పిమ్మట తప్పక తగాదాలు. ఒకరికి దుకాణములో భాగస్థునితో లెక్క తేలలేదు. మరియొకరు బీదరు దారిలో కొన్న ఇంటిజాగా కాగితముమీద ఒక కొలతగాను, నేలమీద వేరొక కొలతగాను ఉన్నది. ఇంకొకరి కుమారునకు పనిచేసినచోట మూడు నెలల జీతము నిలిచిపోయినది. వ్యాపారము, భూమి, కొలువు: మనిషికిని మనిషికిని నడుమ వచ్చు చిక్కులలో ముప్పాతిక ఈ మూడింటిలోనే ఇమిడియున్నవి. వీనికి మన బగ్దలులో మొదట చెప్పు సలహా ఒక్కటే, బీదరుకు పోయి మంచి వకీలును చూడుమని. మంచి వకీలనగా ఎవరో మాత్రము ఎవరును వివరింపరు.

అందుచేత ఈ సంచికకు ఒక పెద్దవారి జీవితము వ్రాయవలెనని కార్యవర్గమువారు మమ్ము కోరినపుడు, కవులను రాజులను విడిచి మేమొక వకీలును ఎన్నుకొంటిమి. వారు ఆంధ్ర పితామహ బిరుదాంకితులు, కీర్తిశేషులు మాడపాటి హనుమంతరావు పంతులుగారు. వారి పేరు విననివారు మనలో అరుదు. హైదరాబాదు నారాయణగూడలో వారు నెలకొల్పిన బాలికల పాఠశాల వారి పేరితోనే ప్రసిద్ధి. గ్రంథాలయములను గూర్చి చెప్పునపుడు, ఆంధ్రమహాసభను గూర్చి చెప్పునపుడు వారిని తలచుకొనని వక్త లేడు. కాని వారి వృత్తి వకాలతు అను సంగతి ఒక వాక్యములో ముగించి ముందుకు సాగిపోవుట మనవారికి అలవాటైనది. మాకైతే వారు చేసిన ప్రజాసేవయంతయు ఒక మంచి వకీలు పనిగానే కనబడుచున్నది. కక్షిదారు ఒక్కడు కాక ఒక ప్రాంతపు జనమంతయు అగుటయే భేదము.

పంతులుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. అనగా వారు పుట్టినది నిజాము రాజ్యములో కాదు, ఆంగ్లేయుల పాలనలోనున్న సీమలో. పసితనముననే తండ్రి గతించుటచే మేనమామల అండ చేరవలసివచ్చి, సరిహద్దు దాటి సూర్యాపేట ప్రాంతమునకు వచ్చిరి. తెలంగాణమున పితామహులని పిలువబడిన వారు మొదట పొరుగు రాజ్యమునుండి వలసవచ్చిన ఒక పిల్లవాడు. మనవంటివారు ఈ సంగతిని రెండుమారులు చదువుకొనవచ్చును.

వచ్చిన నేలలో సర్కారు చదువు ఉర్దూలో నుండెను. ఇంట ఒక భాష, బడిలో మరియొక భాష. మన బగ్దలులో పిల్లలు ఇంట తెలుగు, బడిలో కన్నడము, వీధిలో దక్కనీ ఉర్దూ కలగలిపి మాటలాడుచుండగా, మన తెలుగు ఏమైపోవునో అని పెద్దలు నిట్టూర్చుట మేము ఎన్నోమార్లు విన్నాము. మేమును నిట్టూర్చినవారమే. కాని పంతులుగారి బాల్యము ఇంచుమించు ఇట్టిదే. వారు ఉర్దూను దూరముంచలేదు. ఉర్దూ పత్రికలకు వ్యాసములు వ్రాయునంతగా దానిని వశపరచుకొనిరి. ఆ చేతితోనే తెలుగు కథలును వ్రాసిరి. ఒకటి నేర్చినందున రెండవది తరుగలేదు.

మెట్రిక్యులేషను ముగిసిన పిమ్మట వరంగల్లు ప్రాంతమున విద్యాశాఖ కచేరీలో గుమాస్తాగా చేరిరి. ఆ దినములలోనే, 1904లో, హనుమకొండయందు రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయము వెలసినది. దానికి తోడ్పడినవారిలో ఈ యువకుడైన గుమాస్తా ఒకరు. తరువాత హైదరాబాదు చేరి న్యాయశాఖలో అనువాదకులుగా పనిచేసి, వకాలతు పరీక్షలో నెగ్గి, 1917లో వకీలు వృత్తి ప్రారంభించిరి. అప్పటికి వారికి ముప్పదిరెండేండ్లు. నెల తిరుగగానే జీతము వచ్చు సర్కారు నౌకరిని విడిచి, కక్షిదారుని రాకకై వీధివంక చూచు వృత్తిలో దిగుట సంసారికి చిన్న సాహసము కాదు. ఐనను అనువాదకుని కుర్చీలో గడపిన కాలము వృథాకాలేదని మా తలంపు. ఒక చట్టము ఒక భాషనుండి మరియొక భాషలోనికి పోవునపుడు ఎక్కడ జారునో, ఏ మాట ఎవరి మెడకు చుట్టుకొనునో తెలిసికొనుటకు అంతకంటె మంచి బడి లేదు.

ఆనాటి న్యాయస్థానముల తీరు కొంత చెప్పవలెను. 19వ శతాబ్దపు చివరి భాగమున పారసీ స్థానమున ఉర్దూ హైదరాబాదు సంస్థానపు కచేరీభాష అయ్యెను. సూర్యాపేట రైతు మాట తెలుగు. ఔరంగాబాదు రైతు మాట మరాఠీ. బగ్దలు రైతు మాట కన్నడము. ముగ్గురి దావాలును ఉర్దూలోనే నడచెడివి. మన బీదరు 1956 వరకు ఆ సంస్థానములోని జిల్లాయే గనుక, పంతులుగారు నల్లకోటు తొడిగి వాదించిన హైకోర్టే మన ఊరివారికిని పై కోర్టు. దావా వేసినవాడు ముద్దయీ; ఎదుటివాడు ముద్దాలే; తీర్పు ఫైసలా. కాగితముపై తేదీ ఫసలీ. మనకు కొత్తయేడు చైత్రమున వచ్చును గాని, ఆ కచేరీలకు అక్టోబరు మొదటివారమున ఆజురు నెలతో వచ్చెడిది. ఫసలీ సంవత్సరమునకు 590 చేర్చినచో ఇంచుమించు క్రీస్తుశకము తేలును. తాతలనాటి దస్తావేజులు పెట్టెలోనున్నవారు ఈ లెక్కను గుర్తుంచుకొన్న మేలు.

ఇట్టి కోర్టులో పల్లెటూరి కక్షిదారు స్థితి ఎట్టిదో ఊహించుట కష్టము కాదు. తన గోడు తన నోట చెప్పుకొనును. ఆర్జీ వ్రాయువాడు దానిని వేరుభాషలో పెట్టును. ఏమి పెట్టినాడో చెప్పుకొన్నవానికి తెలియదు. క్రింద వ్రేలిముద్ర వేయును. తీర్పు వచ్చినపుడు తాను గెలిచినాడో ఓడినాడో వకీలు ముఖము చూచి తెలిసికొనవలసినదే. దీనికి తోడు 1921లో న్యాయశాఖను పాలనశాఖనుండి వేరుచేయువరకు, పన్ను వసూలుచేయు చేతిలోనే చాలచోట్ల తీర్పుచెప్పు కలముకూడ నుండెను. ఆ అధికారిపైననే ఫిర్యాదు చేయవలసివచ్చిన కోమటి గతి ఏమి?

ఇక్కడ ఒక మాటను గూర్చి చెప్పక ముందుకు పోలేము. రాజీనామా యనగా ఈనాడు మనకు కొలువు విడుచుచు ఇచ్చు కాగితము. పాత కోర్టు కాగితములలో దాని అర్థము వేరు. ముద్దయీ ముద్దాలేలు ఇరువురును ఒప్పుకొని, ఇంతటితో దావా ముగిసినదని వ్రాసి దాఖలుచేయు పత్రమే రాజీనామా. పోరు చాలించుకొను కాగితమునకు పెట్టిన పేరు కాలక్రమమున కుర్చీ విడుచు కాగితమునకు చెందినది. రాజీ కుదుర్చు వకీలుకు పేరు తక్కువ, ఫీజు తక్కువ. వాదించి గెలిచినవానినే జనము చూపుడువ్రేలితో చూపుదురు. ఇది అన్నికాలములలో నున్నదే.

1921 నవంబరు 12వ తేదీ. హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కరణసభ జరుగుచున్నది. అధ్యక్షులు స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన మహర్షి కార్వేగారు. ఇతర భాషలలో ఉపన్యాసములు సాగిన పిమ్మట, అల్లంపల్లి వేంకటరామారావుగారను వకీలు లేచి తెలుగులో ప్రసంగింప నారంభించిరి. సభలో కొందరు చప్పట్లు చరచి, అల్లరిచేసి, ఆయనను కూర్చుండబెట్టిరి. జనసంఖ్యలో తెలుగువారు సగమున్న రాజ్యపు రాజధానిలో తెలుగు మాటకు దక్కిన మర్యాద అది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట చేరి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. అటుపై కార్యదర్శి భారము పంతులుగారి భుజములపై పడెను.

ఈ ఘట్టమును చెప్పువారు సాధారణముగా ఇక్కడ ఆవేశపడుదురు. మేము పడము. పంతులుగారును పడలేదు. అల్లరి చేసినవారు మరాఠీవారైనను, మరాఠీవారిలోని పెద్దలతో, వారిలో వకీళ్లే పెక్కురు, వారి స్నేహము చెడలేదు. తన భాషకు పీట అడుగుటయు, ఎదుటివాని పీటను లాగుటయు ఒకటి కాదని వారికి తెలియును. కన్నడదేశమున నివసించు మనకు ఈ భేదము మరింత బాగుగ తెలియవలెను.

సంఘము పుట్టినది భాషాభిమానముతో. కాని పంతులుగారు దానిని నడపినది వకీలు కచేరివలె. 1923లో హనుమకొండలో ఆంధ్ర జనకేంద్రసంఘపు తొలి సమావేశము జరిగిన నాటినుండి, గ్రంథాలయములు పెట్టుడు, పాఠశాలలు పెట్టుడు అనుటతోపాటు, మీ ఊరిలో బాధలేమి, అవి ఏ కాగితమువలన తీరును అని అడుగుట వారి పద్ధతి అయ్యెను. ఆ బాధలలో మొదట వారి చేతికి వచ్చినది వర్తకులది.

అధికారి దౌరాకు బయలుదేరును. డేరాలు, గుఱ్ఱములు, నౌకర్లు, వెంట వచ్చు బంధువులు. గ్రామపు కోమటి బియ్యము, పప్పు, నేయి, చక్కెర, దినుసులు సమకూర్చవలెను. ధర అంగడిలో పలుకునది కాదు. అధికారి మనుషులు పలికినది. ఆ తక్కువ ధరయైనను చేతికి వచ్చునో రాదో దైవాధీనము. ఇది ఏడాదికి ఒకమారు వచ్చు పండుగ కాదు. తహసీలుదారు పోయిన పిమ్మట పోలీసు అమీను, ఆయన పోయిన పిమ్మట ఆబ్కారీవారు. చిన్న కోమటికి లాభము మిగులుట అటుండ మూలధనము కరగిపోవుచుండెను. దీనిపై దావా వేయుట యనగా మూడు రూపాయల నేతికై తహసీలుదారుతో వైరము. ఏ వకీలును అట్టి దావా పట్టడు. పట్టినను కోమటి సాక్ష్యము చెప్పడు.

పంతులుగారు దావా వేయలేదు. సర్కారు స్వయముగా ఎప్పుడో వెలువరించిన నిబంధనలను వెదకిరి. ఆ రాజ్యములో గస్తీలకు కొదువలేదు. అధికారులు తీసికొను సరుకులకు సరియైన వెల చెల్లింపవలెనను ఉత్తరువు కాగితములలో నుండనేయున్నది. అది ఉర్దూలో నుండెను, బీరువాలో నుండెను, కోమటికి తెలియదు. తెలిసిన అధికారి చెప్పడు. కేంద్రసంఘము దానిని తెలుగుచేసి, వర్తక స్వాతంత్ర్యమను పేర చిన్న పుస్తకముగా అచ్చువేసి ఊళ్లకు పంపినది. కొన్నిచోట్ల వర్తకులు సంఘములుగా ఏర్పడిరి. ఒక్కడు నిలబడి వెల అడిగినచో పొగరు. పదిమంది కూడి, మీ సర్కారువారి ఉత్తరువే ఇట్లున్నది అని చూపినచో వినతి. పంతులుగారి వకాలతు కిటుకంతయు ఈ చిన్న తేడాలో నున్నది. రాజును ఎదిరించుట లేదు. రాజుమాటను రాజునౌకరికి చదివి వినిపించుచున్నారు.

రెండవది వెట్టి. మన ప్రాంతపు వృద్ధులకు ఈ మాట వివరింపనక్కరలేదు, చిన్నవారికి చెప్పవలెను. అధికారి మూటలు ఒక ఊరినుండి మరియొక ఊరికి మోయుట, బండ్లు కట్టుట, కుమ్మరి కుండలిచ్చుట, చాకలి బట్టలుతుకుట, మంగలి సేవలు, గొల్ల గొఱ్ఱెను తెచ్చుట, మాదిగ చెప్పులు కుట్టుట, మాలవాడు ఉత్తరము పట్టుకొని రాత్రివేళ పరుగెత్తుట. ఇన్నింటికి కూలి లేదు. సర్కారు మనుషులకు చేయుట మొదలై, దొరలకు, దేశముఖులకు, పటేలు పట్వారీలకు చేయుటవరకు అది ప్రాకినది. కోమటికి వెల తక్కువ యనునది బాధ. వీరికి వెలయే లేదు. అప్పుక్రింద తరతరములు ఒకే ఇంట జీతమునకు కట్టుబడియుండు భగేలా పద్ధతి దీనికి తోడు. ఈనాడు జీతము నిలిచిపోయినదని వకీలువద్దకు పోవు మన పిల్లవానికి నియామకపు కాగితమున్నది, బ్యాంకు ఖాతా ఉన్నది. ఆనాటి భగేలాకు ఉన్నది ఒక్క వ్రేలిముద్ర. అదియు దొర పెట్టెలో.

వెట్టిపైనను కేంద్రసంఘము చిన్న పుస్తకము ప్రచురించినది. వెట్టిని అరికట్టవలెనని, పనికి కూలి ఇయ్యవలెనని సర్కారుకు మహజర్లు పోయినవి. అదేవిధముగా వృత్తిపనులవారిపైని మొహతర్ఫా పన్నును గూర్చియు సంఘము పనిచేసినది. 1936లో ప్రభుత్వము భగేలా ఒప్పందములను గూర్చి ఒక చట్టము చేసెను. కాగితముమీద ఇది అంతయు బాగున్నది. ఊరిలో మాత్రము చాలకాలము వెట్టి వెట్టిగానే సాగినది.

ఈ మధ్యకాలమున సభ జరుపుటయే ఒక వకీలుపని. ముందుగా అనుమతి లేనిదే బహిరంగసభ కూడదను గస్తీ అమలులో నుండెను. అర్జీ పెట్టవలెను, పూచీ ఇయ్యవలెను, ఇది రాజకీయము కాదని నచ్చచెప్పవలెను. 1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో, మన బీదరుకు తూర్పున అంత దూరము కాని ఊరిలో, తొలి ఆంధ్రమహాసభ సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. 1931లో దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావుగారు అధ్యక్షులు. ప్రతాపరెడ్డిగారు, బూర్గులవారు ఇరువురును న్యాయశాస్త్రము చదివినవారే. 1935లో సిరిసిల్ల సభకు పంతులుగారు అధ్యక్షత వహించిరి. తెలంగాణపు తొలి ప్రజాసభలు వకీళ్ల సభలని తరువాతివారు కొందరు వెక్కిరించిరి. వెక్కిరింతలో నిజము లేకపోలేదు. కాని అర్జీ వ్రాయుట ఎరుగనివాడు ఆ దినములలో పందిరి గుంజకూడ పాతియుండలేడు.

ఇక భూమి సంగతి. ఇచ్చట మేము మొగమాటము లేకుండ చెప్పవలెను. పంతులుగారి తరము వకీళ్లకు వర్తకుని బాధ బాగుగ అర్థమైనది. వెట్టివాని బాధ అర్థమైనది. కౌలుదారుని బాధ మాత్రము ఆలస్యముగ అర్థమైనది. పట్టా ఒకరిది, దున్నువాడు వేరొకడు. దున్నువానిని షిక్మీదారు అందురు. తరములు దున్నినను, పట్టాదారు లెమ్మన్న లేవవలెను. దీనికి తోడు మక్తాలు, జాగీర్లు, పైగాలు. మన బీదరు జిల్లాలోను జాగీరు, పైగా గ్రామములు మెండు. అట్టి ఊళ్లలో రైతునకు సర్కారు చట్టము సగము, జాగీరుదారు మాట సగము. ఆంధ్రమహాసభ పెద్దలలో పలువురు స్వయముగ భూములున్నవారు. సరుకుకు వెల ఇయ్యుడని సర్కారును అడుగుట తేలిక. దున్నువానికి హక్కు ఇయ్యుడని తమలో తాము అనుకొనుట తేలిక కాదు.

ఆ మాట గట్టిగా అన్నవారు తరువాత వచ్చిరి. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైన నాటినుండి మహాసభ స్వరము మారినది. 1944లో భువనగిరి సభతో పాతవారును కొత్తవారును రెండుగా విడిపోయిరి. పంతులుగారు మితవాదులని, వినతిపత్రముల పెద్దమనిషియని కొత్తవారు తీసివేసిరి. 1946లో నల్లగొండ జిల్లా కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు నేలకొరగెను. వెట్టి నిజముగా తెగినది ఆ పోరులో, గస్తీలవలన కాదు. ఇది చరిత్ర, దీనిని దాచుట పంతులుగారికి గౌరవము కాదు.

ఐనను మాకొక సందేహము. ఊరిలో వెట్టివాడు మొట్టమొదట నేను చేయను అన్ననాడు, అది తప్పు కాదను ధైర్యము వానికి ఎక్కడినుండి వచ్చినది? అంతవరకు వెట్టి యనగా వానవలె, ఎండవలె పైనుండి వచ్చునది. అది అన్యాయమే కాక, సర్కారు కాగితము ప్రకారమే చెల్లనిదని ఎవరో ఒకరు తెలుగులో చెప్పవలసియుండెను. ఇరువదియేండ్ల ముందు ఆ చిన్న పుస్తకములు చెప్పినది అదే. పంతులుగారు గొడ్డలి ఎత్తలేదు, నిజమే. చెట్టు సర్కారుదికాదని సరిహద్దు చూపిరి. మాలో ఒకరు దీనికి ఒప్పుకొనరు. పస్తులున్నవానికి సరిహద్దుతో పనియేమి అని వాదింతురు. ఆ వాదము ఈ ఉగాదికిని తెగలేదు.

1948 సెప్టెంబరులో సంస్థానము ఇండియాలో కలిసినది. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చినది. రక్షిత కౌలుదారను మాట పహాణీలకెక్కినది. ఆ యేటనే బూర్గులవారు రెవిన్యూమంత్రి అయి, 1952లో ముఖ్యమంత్రి అయిరి. ఆ చట్టము సూర్యాపేటకును బగ్దలుకును ఒకటే. బీదరు జిల్లాలోని పలువురు రైతుల ఇండ్లలో భూమిచరిత్ర ఆ సంవత్సరముతోనే మొదలగును. పంతులుగారి తరము వకీళ్లు ఆలస్యముగ అర్థముచేసికొన్న సంగతిని ఆ వకీళ్లలో ఒకరే అమలుపరచవలసివచ్చెను.

పంతులుగారి తక్కిన జీవితము పలువురు వ్రాసినదే గనుక క్లుప్తముగ ముగింతుము. 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలో సాగుచున్న దినములలో, ఆడపిల్లలకు మాతృభాషలో చదువనుట ఎదురీతయే. 1951లో హైదరాబాదు నగరపు తొలి మేయరు. 1955లో పద్మభూషణ. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడగా దాని తొలి అధ్యక్షులై 1964 వరకు ఆ పీఠమున నుండిరి. జీవితమంతయు ఒక పక్షమున నిలిచి అర్జీలు వ్రాసినవారికి, చివర ఏ పక్షమునకును చెందని కుర్చీ దక్కినది. 1970 నవంబరు 11వ తేదీన ఎనుబదియైదేండ్ల వయసులో గతించిరి.

అప్పటికి పదునాలుగేండ్ల ముందే మన దారి వేరైనది. 1956లో బీదరు జిల్లా మూడు ముక్కలైనది. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకు. ఉద్గీరు, అహమదుపూరు, నిలంగా బొంబాయి రాష్ట్రమునకు. బీదరు, భాల్కి, హుమనాబాదు, ఔరాదు మైసూరునకు. మన ఊరి దావా పై కోర్టుకు పోవలెనన్న ఒకప్పుడు హైదరాబాదు. అటుపై ఏబదియేండ్లకు పైగా బెంగుళూరు. 2008లో కలబురగిలో హైకోర్టు సర్క్యూట్ పీఠము ఏర్పడి, 2013లో అది స్థిరపడినది. దూరము తగ్గినది. భాష మాత్రము మారినది. కోర్టు కాగితము ఇప్పుడు కన్నడములోనో, ఇంగ్లీషులోనో. మనలో పలువురికి రెండును అంతంతమాత్రమే. అడుగున సంతకము మాత్రము తెలుగులో చక్కగ చేయుదుము.

ఈ బాధ మాకును స్వయముగ తెలియును. కొన్నియేండ్ల క్రిందట మేమొక చిన్న జాగా కొంటిమి. దస్తావేజు వ్రాసినవాడు గడగడ చదివెను. మేము తల ఊపితిమి. తూర్పు హద్దులోనున్న బాట పత్రములో పొరుగువాని గోడగా మారినదని తెలియుటకు రెండేండ్లు పట్టినది. వకీలుగారు పెద్దమనిషి, దావా వద్దని, ఇరువురిని కూర్చుండబెట్టి, పొరుగువానికి మూడడుగులు, మాకు బాట అని రాజీ కుదిర్చిరి. ఆ రాజీపత్రమును మాత్రము సంతకమునకు ముందు మా మనుమరాలిచేత ఒక్కొక్క పంక్తి తెలుగులో చెప్పించుకొంటిమి. కన్నడబడిలో చదువుచున్న పిల్ల. ఆమె చదువును చూచి నిట్టూర్చిన వారిలో మేమును ఉంటిమని పైన చెప్పియుంటిమి.

అప్పటినుండి మన సంఘములో ఒక పని మొదలుపెట్టితిమి. ప్రతి ఆదివారము సాయంత్రము, కన్నడము వచ్చిన ఇద్దరు పిల్లలు కూర్చుందురు. అద్దె ఒప్పందముగాని, భాగస్థుల పత్రముగాని, పని ఇచ్చినవారి కాగితముగాని ఎవరు తెచ్చినను తెలుగులో చదివి వినిపింతురు. సలహా చెప్పరు, అది వకీలుపని. ఏమున్నదో చెప్పుదురు, అంతే. పాత ఉర్దూ దస్తావేజులు చదువుటకు మాత్రము ఎవరును దొరకుట లేదు. ఆ లిపి చదువగల పెద్దలు ఊరిలో ఎవరైన ఉన్నచో తెలుపగలరు. ఆదివారములు కాఫీ సంఘము ఖర్చు.

పంతులుగారు తన కాలపు సంగతులను తెలంగాణా ఆంధ్రోద్యమము అను పేర రెండు భాగములుగా వ్రాసిరి. వర్తకుల బాధలు, వెట్టి, సభలకు అనుమతి కోరుచు నడచిన ఉత్తరప్రత్యుత్తరములు అందు విపులముగ గలవు. ఆవేశము తక్కువ, తేదీలు ఎక్కువ; వకీలు వ్రాసిన గ్రంథమని రెండు పుటలలోనే తెలిసిపోవును. రెండు భాగములును మన సంఘపు బీరువాలో నుండవలెను. రెండవది ఉన్నది. మొదటి భాగము పట్టుకొనిపోయినవారు పుస్తకములో సంతకము చేయుట మరచిరి. ఈ సంచిక చదివిన పిమ్మటనైన తెచ్చియిచ్చినచో, దావా వేయక రాజీనామాతోనే ముగించుకొందుము.